సమస్య: ప్రాణమిచ్చు మందె ప్రాణహారి

బెంగళూరు తెలుగు మిత్రులకు ఈ వారం సమస్య ఇది. ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, అందులోని విరోధం తీరేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

ప్రాణమిచ్చు మందె ప్రాణహారి

షరతు ఒక్కటే. విరోధం తీరాల్సింది ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ ఆటలోని సంగతితోనే. 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ఆట ఇది. 2025 సెప్టెంబరులో కొత్త హంగులతో మళ్ళీ వచ్చాక మనలో సగం మంది రాత్రిళ్ళు ఐవలీస్ రాజ్యంలోనే గడుపుతున్నారు. ఆడనివారికి నాలుగు మాటలు. చదరంగంలా గళ్ళ మీద జరిగే యుద్ధం. మన జట్టులో ప్రతి మనిషికీ ఒక వృత్తి ఉంటుంది, దాన్ని జాబ్ అంటారు. మొదట స్క్వైర్ (కొత్త సైనికుడు), కెమిస్ట్ (మందులు వాడేవాడు) అని రెండే ఉంటాయి. మిగతావన్నీ ఆ రెండింటి నుంచే కొమ్మలు వేస్తాయి. ఒక వృత్తిలో ఉంటూనే ఇదివరకు నేర్చిన ఇంకో వృత్తి విద్యను రెండోదిగా వెంట పెట్టుకోవచ్చు. ఆట రుచంతా ఈ జతల్లోనే ఉంది.

సమస్య పంపిన పావుగంటకే జయనగరం మాస్టారి ప్రశ్న వచ్చింది. ఆయనకు ఆట తెలియదు, ఛందస్సు మాత్రం కంఠతా వచ్చు.

"నాయనా, ఒకే మనిషికి రెండు విద్యలంటే విరాటపర్వం అన్నమాట. అర్జునుడు బృహన్నలగా నాట్యం నేర్పుతున్నాడు. గోగ్రహణం రాగానే గాండీవం పట్టాడు. ఇప్పుడున్న వృత్తి నాట్యం, వెంట తెచ్చుకున్న విద్య విలువిద్య. సరేనా?"

సరే మాస్టారూ. ఇంతకన్నా బాగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను.

మొదటి పూరణ, జయనగరం మాస్టారు

మితము మించెనేని మేలైన మందైన
విషము సుమ్మి యనుచు వెజ్జు చెప్పె
కొలత తెలిసి తినుము కొంచెమే చాలురా
ప్రాణమిచ్చు మందె ప్రాణహారి

ఛందస్సులో వేలు పెట్టడానికి లేదు. మి–మే, వి–వె, కొ–కొ, యతులన్నీ కుదిరాయి. కానీ మాస్టారూ, ఇది ఏ ఇంట్లోనైనా చెల్లే మాట, ఐవలీస్ దాకా రాలేదు. ఆ ఆటలో మందుకు మోతాదు లేదు, ఎన్ని సీసాలు తాగినా ఏమీ కాదు. ఎంత చక్కని పద్యమైనా షరతు తప్పింది కాబట్టి లెక్కలోకి తీసుకోలేను. తెనాలి రామకృష్ణుడు దోమ కుత్తుకలో ఏనుగుల గుంపును పట్టించింది ఊరికే మాటల గారడీతో కాదు. పాండవులంతటి వాళ్ళు విరాటుడి కొలువులో ఊడిగం చేశారన్న కథ ఉంది కాబట్టే ఆ పూరణ నిలిచింది. మనకూ అలాంటి ఆధారం ఆటలోంచి కావాలి.

మాస్టారు వెంటనే ఒప్పుకున్నారు. "న్యాయమే. మా మనవడు ఆడతాడు, పక్కన కూర్చుని చూస్తాను" అన్నారు.

రెండో పూరణ, వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్‌కి పర్పుల్ లైన్ మెట్రోలో నిలబడి రాసిన మిత్రుడు

ఒక్క చేత సీస మొక చేతఁ దుపాకి
వైద్యుఁడొకఁడు నిలిచె వైరి యెదుట
మాట యొక్కటైన మర్మమ్ము రెండురా
ప్రాణమిచ్చు మందె ప్రాణహారి

ఆయన వివరణ: కెమిస్ట్ వృత్తి వాడు తుపాకి పట్టగలడు. ఎనిమిది గళ్ళ దూరం నుంచి కాలుస్తాడు, ఆ దెబ్బకు చేతి బలంతో పని లేదు. మందు అంటే ఔషధం, మందు అంటే తుపాకి మందు.

ఈ ఊహ చదవగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. మందు అనే మాటలో ఇంత శ్లేష దాగుందని సమస్య ఇచ్చిన నాకే తట్టలేదు. అయినా దోషాలు చెప్పక తప్పదు. మొదటి పాదం చివర చూడండి. ఒక్క, చేత, సీస, మూడూ సూర్యగణాలు. మొకచేత సలము, అంటే ఇంద్రగణాల్లో ఒకటి, బాగుంది. తరవాత దుపాకి: దు లఘువు, పా గురువు, కి లఘువు. అది జగణం. ఇంద్రగణాలు ఆరింటిలోనూ జగణం లేదు. తుపాకి తీసేసి తూటాలు పెట్టండి:

ఒక్క చేత సీస మొక చేతఁ దూటాలు

దూటాలు తగణం, సరిపోయింది. పైగా తుపాకి మందు ఉండేది తూటాలోనే కాబట్టి శ్లేషకు బలం కూడా వచ్చింది.

రెండో మాట కె.ఆర్.పురం మిత్రుడు పట్టుకున్నాడు: "మూడో పాదంలో శ్లేషను మీరే విప్పేశారు. మర్మం రెండని చెప్పేశాక ఇక మర్మమేముంది? ఆ పాదం వృథా అయింది." ఒప్పుకుంటాను. మూడో మాట నాది. సమస్యలో మందె అని ఉంది. ఆ ఏకారం, ఇచ్చేదీ తీసేదీ ఒకటే అని గట్టిగా చెబుతోంది. ఇక్కడ ఔషధం వేరు, తూటా మందు వేరు. చెవికి విరోధం తీరింది, అర్థానికి ఇంకా మిగిలే ఉంది.

మూడో పూరణ, కె.ఆర్.పురం మిత్రుడు

చచ్చి లేచి తిరుగు శవముపై నొక యీక
వేయఁగానె కూలె వేగిరముగ
మనిషికైన నదియె మఱల నూపిరి పోయు
ప్రాణమిచ్చు మందె ప్రాణహారి

ఆడినవారందరికీ తెలిసిన సంగతే. ఫీనిక్స్ డౌన్ అంటే ఫీనిక్స్ పక్షి మెత్తటి ఈక. పడిపోయిన మన మనిషి మీద వేస్తే లేచి కూర్చుంటాడు. అస్థిపంజరాలు, దయ్యాల్లాంటి చచ్చి తిరిగే జాతి మీద వేస్తే ఒక్క ఈకతో పని అయిపోతుంది. వాటికి వైద్యం తిరగబడి గాయమవుతుంది. ఇక్కడ మందె అన్న ఏకారం నూటికి నూరుపాళ్ళు నిలిచింది. అదే ఈక, అదే చేయి. నగము, సలము పక్కపక్కన వచ్చిన మూడో పాదం నడక పైకి చదువుకుంటే ఎంతో హాయిగా ఉంది.

ఇంకో మాట కూడా ఆయన రాశారు. ఈ ఈకలు వేయడానికి కెమిస్టే అక్కర్లేదు. ఆయన నైట్ (కత్తి యోధుడు) వృత్తి వాడికి కెమిస్ట్ విద్యను రెండోదిగా పెట్టారు. కత్తి పట్టినవాడే పక్క గడిలోని దయ్యానికి మందు వేస్తాడు. మాస్టారి బృహన్నల పోలిక మళ్ళీ గుర్తొచ్చింది.

ఒక్క లోటు. పద్యంలో మనిషి లేడు. ఈక ఉంది, శవం ఉంది, వేసినవాడి గుండె లేదు. పజిల్ చక్కగా తేలింది, కవిత్వం ఇంకొంచెం రావాలి.

నాలుగో పూరణ, మారతహళ్ళి సోదరి

మాయ సోఁకి మారె మావాఁడు ప్రేతమై
తెలియలేక సీస తెచ్చి పోయ
కనులముందె కూలెఁ గన్నబిడ్డ విధాన
ప్రాణమిచ్చు మందె ప్రాణహారి

ఆమె రాసింది యథాతథంగా ఇస్తున్నాను: "ఆదివారం రాత్రి పన్నెండు దాటింది. మొదటి యుద్ధం నుంచి నాతో ఉన్న నైట్ వాడు, పేరు కూడా మా తమ్ముడి ముద్దుపేరే పెట్టాను. శత్రువుల్లో ఒక మిస్టిక్ ఏదో మంత్రం వేసింది. మనిషిని బతికుండగానే ప్రేతంగా మార్చే మంత్రమది. కరెంటు పోయి వచ్చిన హడావుడిలో నేను అది గమనించలేదు. వాడి ప్రాణం తక్కువగా కనిపించింది, మా కెమిస్ట్ పిల్లను పక్కకు నడిపించి సీసా ఇప్పించాను. అంకె ఆకుపచ్చగా రావాలి కదా, తగ్గింది. వాడు మోకాళ్ళ మీద కూలిపోయాడు. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలాసేపు తెర వైపు చూడలేకపోయాను."

ఇది చదివాక గుంపులో కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. సమస్య తీరిందా అని చూసే పనే లేకపోయింది. శత్రువు మీద వేసిన మందు చంపితే అది తెలివి. మనవాడికి ప్రేమతో పోసిన మందు చంపితే అప్పుడు ప్రాణహారి అన్న మాట బరువు తెలుస్తుంది. కెమిస్ట్ అనే చిన్న వృత్తి, అందరూ మొదట నేర్చి మర్చిపోయేది, ఈ పద్యంలో తల్లి చేయి అయింది.

మాస్టారు ఒక్క సందేహం అడిగారు: "పోయ అన్నావమ్మా, పోయగా అన్న అర్థంలోనే కదా?" ఔనండీ అంది. "అయితే సాధువే. కూలెఁ గన్న దగ్గర సరళాదేశం కూడా మరిచిపోలేదు. నాకు ఆట రాకపోయినా ఏడుపు వచ్చింది తల్లీ" అని రాశారు.

ఈ వారం మొదటి స్థానం ఈ పూరణకే. వైట్‌ఫీల్డ్ మిత్రుడి తూటాల పద్యం మూడో పాదం మార్చి పంపితే దాన్ని రెండో స్థానంలో ఉంచాలని నా కోరిక, కె.ఆర్.పురం మిత్రుడు ఏమీ అనుకోరు కదా?

వచ్చే వారం సమస్య

ఈసారి మాస్టారే ఇస్తున్నారు. శనివారం మనవడి పక్కన కూర్చుని రెండు గంటలు చూశారట. డాన్సర్ వృత్తి దగ్గర ఆయన కళ్ళు ఆగాయి. ఆమె ఉన్నచోటనే ఆడుతుంది, మైదానంలో ఎంత దూరాన ఉన్న శత్రువుకైనా దెబ్బ తగులుతుంది. అది చూసి బృహన్నల గుర్తొచ్చి ఈ పాదం కట్టారు. ఆటవెలది, ప్రాసయతి:

ఆట నేర్పువాఁడె వేటు వేసె

మనవడు బడిలో కన్నడం చదువుకుంటున్నాడు, తెలుగు మాట్లాడతాడు కానీ రాయడం రాదు. తాతగారు గణాలు వేళ్ళ మీద లెక్కపెట్టి చూపిస్తే ఒక పాదం నోటితో చెప్పాడు, ఆయన రాసుకున్నారు:

దగ్గఱకును పోదు దవ్వుననే యాడు

ఐదు గణాలూ సరిగ్గా పడ్డాయి, యతి కూడా. పద్నాలుగేళ్ళ పిల్లాడి మొదటి పాదం ఇది. ఇక్కడే ఒక ముడి ఉంది, దాన్ని పిల్లాడే పట్టుకున్నాడు. "తాతయ్యా, ఆటలో డాన్సర్ ఆడవాళ్ళే, మగవాళ్ళకు బార్డ్, అంటే పాటగాడి వృత్తి మాత్రమే. నువ్వేమో వాఁడె అన్నావు" అన్నాడట. మాస్టారు పాదం మార్చనన్నారు. ఆదివారం సాయంత్రం ఆరు దాకా మీ పూరణలు పంపండి.