శాంక్షన్ అంటే మంజూరా, ఆంక్షా? అర్థాలు ముందే రాసుకోవాలా, వాక్యాల్లోనే పట్టుకోవాలా?

రాత్రిచదువరి:
నిన్న ఒక ఇంగ్లీష్ వార్తలో ఫలానా దేశం పన్నెండు మంది అధికారులను ‘శాంక్షన్ చేసింది’ అని చదివి, పన్నెండు పోస్టులు మంజూరయ్యాయి కాబోలు అనుకున్నాను. నాలుగు పేరాలు దాటాక చూస్తే, వాళ్ల బ్యాంకు ఖాతాలు స్తంభింపజేశారట! డిక్షనరీ తీస్తే ఆమోదించడం, శిక్షించడం రెండూ ఆ ఒక్క మాటకే ఉన్నాయి. ఇలాంటి మాటలకు అర్థాలన్నీ ముందే రాసుకోవడం మేలా, చదువుతూ పోతే అవే వస్తాయా?

బట్టీవీరుడు:
రాసుకోవాల్సిందే. మీరు బోల్తా పడింది వాక్యం లేకనా? ఎదురుగానే ఉంది కదా. లోన్ శాంక్షన్ అయిందని వినీ వినీ ఆ ఒక్క అర్థమే బుర్రలో కూర్చుంది. రెండోది ఉందని తెలిసుంటే కనీసం అనుమానం వచ్చేది.

వాక్యమే_దిక్కు:
నేను ఒప్పుకోనండి. చీటీ మీద ‘మంజూరు, ఆంక్ష’ అని రాసుకుంటే ఎక్కడ ఏదో ఆ చీటీ చెప్పదు. బహువచనంలో ‘శాంక్షన్స్’ అని ఉండి, పక్కనే ‘ఆన్’ గానీ ‘ఎగైనెస్ట్’ గానీ వస్తే అవి దాదాపుగా ఆంక్షలే. ‘వితౌట్ అఫీషియల్ శాంక్షన్’ అంటే అధికారిక అనుమతి లేకుండా అని. చిక్కంతా క్రియగా వాడినప్పుడే. అప్పుడు కర్మను చూడండి. ఖర్చునో పథకాన్నో శాంక్షన్ చేస్తే చాలావరకు ఆమోదం. మనిషినో కంపెనీనో దేశాన్నో చేస్తే శిక్ష. మీ వార్తలో కర్మ అధికారులు. పోస్టులు కాదు!

డిక్షనరీపురుగు:
అసలు ఈ రెండర్థాలూ ఒక తల్లి పిల్లలే. లాటిన్‌లో మూల క్రియకు పవిత్రం చేయడం, శాసనంగా స్థిరపరచడం అని అర్థం. ‘సెయింట్’ కూడా అక్కడినుంచే వచ్చింది. చట్టానికి ఆమోదముద్ర వేయడం ఒక పాయ. చట్టం మీరితే పడే శిక్షే దానికి బలం కాబట్టి ఆ శిక్షనూ శాంక్షన్ అన్నారు, అది రెండో పాయ. ఇథియోపియా మీద దండెత్తిన ఇటలీపై 1935లో నానాజాతి సమితి విధించినవి ఈ రెండో రకం.

ఇంకోటి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద నిఘంటువు అర్థాలను చారిత్రక క్రమంలో పేరుస్తుంది. అందులో మొదట ఉన్నదే ఇప్పటి వాడుక అనుకుంటే పప్పులో కాలేసినట్టే. నేర్చుకునేవాళ్ల కోసం వేసిన డిక్షనరీ వేరే ఉంటుంది, అది తీయండి. (శాంక్షన్, ఆంక్ష చెవికి చుట్టాల్లా వినిపిస్తాయి. గుర్తుపెట్టుకోవడానికి వాడుకోండి గానీ చుట్టరికం మాత్రం కలపకండి.)

బట్టీవీరుడు:
కర్మను చూడమన్న కిటుకు బాగుంది. అయితే అదీ రాసుకోవాల్సిందేగా?

వాక్యమే_దిక్కు:
రాసుకోండి, వాక్యంతో సహా. విడి మాటకే నా అభ్యంతరం.

రాత్రిచదువరి:
రెండు వాక్యాలు రాశాను. ‘ది కోర్ట్ శాంక్షన్డ్ ది లాయర్’, ‘ది కోర్ట్ శాంక్షన్డ్ ది స్కీమ్’. పక్కన అర్థం రాయలేదు. వారం తర్వాత కాగితం తీసి, లాయరుకు మంజూరు ఇచ్చేస్తానో లేదో ఇక్కడే చెబుతాను.