మిస్టరీ షాపింగ్‌నే నమ్ముకుని ఇల్లు గడపొచ్చా?

కేపీహెచ్‌బీ_వాసి:
అందరికీ నమస్కారం. బట్టల షోరూంలో ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా చేసి మానేశాను. ఇద్దరు పిల్లలు. కొంతకాలంగా వీలు దొరికినప్పుడల్లా మిస్టరీ షాపింగ్ చేస్తున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మామూలు కస్టమర్‌లా షాపుకో, బ్యాంకుకో, హోటల్‌కో వెళ్లాలి. సిబ్బంది ఎలా పలకరించారు, ఏం చెప్పారు, బిల్లు ఇచ్చారా, బాత్రూం శుభ్రంగా ఉందా అన్నీ గమనించి, ఇంటికొచ్చి ఏజెన్సీకి రిపోర్టు రాయాలి. విజిట్‌కి ఇంత అని ఇస్తారు. నాకు వచ్చేవి ఎక్కువగా 300 నుంచి 600 మధ్యలో ఉంటాయి. మళ్లీ ఉద్యోగంలో చేరమని ఇంట్లో అంటున్నారు. నాకేమో ఇదే ఫుల్‌టైంగా చేయాలని ఉంది. ఖర్చులు పోను నెలకు 30 వేలు మిగిలితే చాలు. అవుతుందా? చేస్తున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

లెక్కల_పుస్తకం:
మేడమ్, ఒక్క విజిట్ తీసుకుని లెక్క వేద్దాం. ఫీజు 400 అనుకోండి. మీ కేపీహెచ్‌బీ నుంచి జూబ్లీహిల్స్ వెళ్లి రావాలంటే ట్రాఫిక్‌లో గంటన్నర. షాపులో ముప్పావుగంట. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. ప్రశ్నల పేజీలు నింపాలి, ప్రతి ‘లేదు’కీ వివరణ రాయాలి, బిల్లు ఫొటోలు ఎక్కించాలి. ఎంత చేయి తిరిగినా గంటన్నర పడుతుంది. పెట్రోల్‌కి ఓ 70 రూపాయలు పోతుంది. అంటే దాదాపు నాలుగు గంటలకు 330. గంటకు తొంభై కూడా లేదు.

రోజుకు మూడు చేస్తాను, నెలకు 25 రోజులు చేస్తాను అన్నా పాతికవేల దగ్గరే ఆగిపోతుంది. ఆ మూడు కూడా రోజూ దొరకవు. ఒక బ్రాంచికి వెళ్లాక మళ్లీ అదే బ్రాంచికి రెండు మూడు నెలలు పంపరు, సిబ్బంది గుర్తుపడతారని. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. రేపు ఇంటి లోన్‌కి వెళ్తే పే స్లిప్ అడుగుతారు, మీ దగ్గర ఉండదు. పక్క ఆదాయంగా ఉంచుకోండి, ఉద్యోగం మాత్రం చూసుకోండి.

రూట్_బండి (విజయవాడ):
లెక్కల అన్నా, మీ లెక్క తప్పని అనను. కానీ అది ఒక విజిట్ కోసం ఒకసారి ఇల్లు కదిలే మనిషి లెక్క. ఈ పని మీద బతికేవాడు అలా తిరగడు.

నేను చేసేది చెప్తాను. ఉదయం ఏలూరు, మధ్యాహ్నం తాడేపల్లిగూడెం, సాయంత్రం రాజమండ్రి. హైవే మీదే ఓ పెట్రోల్ బంకు, దిగగానే మొబైల్ షోరూం, దాని పక్కనే ఏటీఎం ఆడిట్, బజార్లో చెప్పుల షాపు. నాలుగైదు ఏజెన్సీల్లో నమోదై ఉండి, ఒకే దారిలో పడేవన్నీ కలిపి తీసుకుంటాను. పెట్రోల్ ఖర్చు అన్నిటి మీదా పంచుకుపోతుంది. ఇంకో సంగతి, హైదరాబాద్‌లో 400 ఇచ్చే విజిట్‌కి అమలాపురంలోనో పాలకొల్లులోనో మనిషి దొరకడు. నెలాఖరులో ఆ బ్రాంచి మిగిలిపోతే క్లయింటుకు రిపోర్టు పూర్తవదు. అప్పుడు షెడ్యూలింగ్ చూసే అమ్మాయే ఫోన్ చేసి, ఎంత కావాలో చెప్పండి సార్ అంటుంది. ఫీజుకు రెట్టింపు ఇచ్చినవి ఉన్నాయి.

అన్నీ ముసుగు విజిట్లే కానక్కర్లేదు. ధరల చెకింగ్, పోస్టర్ ఉందా లేదా చూడటం, ఏటీఎంలో లైటు, ఏసీ, చెత్తబుట్ట ఫొటోలు తీయడం, ఇవన్నీ పది నిమిషాల పనులు. వ్యాసాలు రాయక్కర్లేదు. మా ఇంటద్దె, పాప స్కూల్ ఫీజు ఇందులోంచే కడుతున్నాను.

లెక్కల_పుస్తకం:
సంతోషం బ్రదర్. మంచి నెలలో ఎంత మిగులుతుంది, చెడ్డ నెలలో ఎంత? అది చెప్తే మేడమ్‌కి ఉపయోగం.

రూట్_బండి (విజయవాడ):
మంచి నెలలో ఖర్చులు పోను 30 వేలకు అటూ ఇటూ. చెడ్డ నెలలో అందులో సగం. ఏజెన్సీ చేతిలోంచి ఒక పెద్ద క్లయింటు జారిపోతే ఆ క్లయింటు విజిట్లన్నీ ఒక్క రోజులో మాయమవుతాయి, మనకెవరూ ముందుగా చెప్పరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మొత్తం ఆగిపోయింది. అందుకే చేతిలో నాలుగు నెలల ఖర్చు లేకుండా దిగొద్దని నేనూ అంటాను. కానీ అసలు బతకలేరు అనే మాట మాత్రం ఒప్పుకోను.

స్టోర్_మేనేజర్_విశాఖ:
నేను అవతలి వైపు మనిషిని. మీ రిపోర్టు వచ్చాక మా దగ్గర ఏం జరుగుతుందో కూడా ఈ చర్చలో ఉండాలి.

మా బ్రాంచికి నెలకు ఒక మిస్టరీ విజిట్. ఆ స్కోరు తగ్గితే టీం మొత్తానికీ ఇన్సెంటివ్ పోతుంది. ఒకసారి శనివారం సాయంత్రం, కౌంటర్లో ఇద్దరు ఉండాల్సిన చోట ఒక్క కుర్రాడే ఉన్నాడు. రెండోవాడు సెలవు పెట్టాడు, హెడ్డాఫీసు మనిషిని ఇవ్వలేదు. లైన్ తలుపుదాకా ఉంది. రిపోర్టులో ‘క్యాషియర్ నవ్వలేదు, కంటిలోకి చూడలేదు, మళ్లీ రండి అనలేదు’ అని వచ్చింది. రాసినవన్నీ నిజాలే. లైన్ ఎంత ఉందో, లోపల ఎంతమంది పని చేస్తున్నారో మాత్రం లేదు. ఆ నెల కుర్రాడికి ఇన్సెంటివ్ రాలేదు. వాడు ఊళ్లో ఉన్న అమ్మకు పంపేది ఆ డబ్బే.

రూట్_బండి గారూ, మీరు రోజుకు అన్ని చోట్లకు తిరిగి, రాత్రి ఇంటికెళ్లి అన్ని రిపోర్టులు రాస్తుంటే, మా కుర్రాడి ముఖం మీకు గుర్తుంటుందా? సంఖ్య మీద బతికే మనిషి చేతిలో ఇంకొకరి జీతం పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. నెలకు ఒకటో రెండో శ్రద్ధగా చేసే గృహిణి రాసే రిపోర్టే నాకు నయం.

రూట్_బండి (విజయవాడ):
సార్, ఆ కుర్రాడి విషయంలో నాకూ బాధగానే ఉంది. కానీ లైన్ ఎంత ఉందో రాయకపోవడం కొత్తవాళ్లు చేసే పని. షాపులోకి అడుగు పెట్టగానే ఎంతమంది కస్టమర్లు, ఎంతమంది సిబ్బంది, ఎన్ని కౌంటర్లు తెరిచి ఉన్నాయి, ఇవే నేను ముందు చూస్తాను. బయటికి రాగానే బండి మీద కూర్చుని ఫోన్‌లో వాయిస్ నోట్ చెప్పుకుంటాను: టైం, బ్యాడ్జి మీద పేరు, చొక్కా రంగు, అన్న మాట అన్నట్టుగా. రెండో షాపుకి పోయేది ఆ తర్వాతే. పెట్రోల్ బంకులో కుర్రాడు ‘జీరో చూసుకోండి సార్’ అన్నాడా, లేక మీటర్ వైపు చెయ్యి చూపాడా, రెండూ వేరు. మా రిపోర్టులో ఆ రెండింటికీ వేరే జవాబులు. అనుభవం ఉన్నవాడికే ఆ తేడా పట్టుబడుతుంది. నెలకు ఒకటి చేసేవాళ్లకి అందదు.

కేపీహెచ్‌బీ_వాసి:
మేనేజర్ గారూ, నేనూ షోరూంలో ఆ స్కోరు కింద నలిగినదాన్నే. అందుకే నా రిపోర్టులో రద్దీ గురించి ప్రశ్న లేకపోయినా చివర ఉండే కామెంట్ల పెట్టెలో రాస్తాను. ‘ఒక్కరే ఉన్నారు, అయినా ఓపిగ్గా చూశారు’ అని. పైవాళ్లు చదువుతారో లేదో తెలియదు, రాయడం మాత్రం మానను.

బంగారం షాపు విజిట్లు నాకు ఇష్టం. తరుగు ఎంత, మజూరీ ఎంత అని విడివిడిగా చెప్పారా, అడగకుండానే హాల్‌మార్క్ చూపించారా, భూతద్దం ఇచ్చి హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకూ విడిగా ఉండే అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల నంబరు, చదివించారా అని చూడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఈ విజిట్ల వల్ల రేపు ఎవరో అమ్మ కూతురి పెళ్లికి నగలు కొంటుంటే మోసపోకుండా ఉంటుందన్న తృప్తి నాకుంది. ఈ పని వదలబుద్ధి కాకపోవడానికి అదే కారణం.

డాలస్_వదిన:
అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం ఒక హెచ్చరిక. ఇక్కడ ఫీజులు బావుంటాయి, రోజంతా తిరిగి దీని మీదే బతికేవాళ్లు కూడా ఉన్నారు. అది చూసి హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఇంట్లో ఉన్న అమ్మాయిలు, ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్న పిల్లలు చిన్న పనే కదా అని చేరిపోతున్నారు. ఇది పనే. మీ చేత డబ్ల్యూ-9 అనే పన్ను ఫారం నింపిస్తారు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్‌గా డబ్బిస్తారు. హెచ్4 వాళ్లు ఈఏడీ (పని అనుమతి కార్డు) చేతికి రాకుండా చేయకూడదు. స్టూడెంట్లకైతే అనుమతి లేకుండా క్యాంపస్ బయట చేసే పని కిందికి వస్తుంది. హెచ్1బీ (ఉద్యోగ వీసా) వాళ్లూ అంతే, స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప బయట చేయకూడదు. ఇరవై డాలర్ల పిజ్జా విజిట్ కోసం స్టేటస్ పోగొట్టుకోకండి.

రెండోది చెక్కు మోసం. ‘మిమ్మల్ని సీక్రెట్ షాపర్‌గా ఎంపిక చేశాం’ అని పెద్ద మొత్తానికి చెక్కు పంపుతారు. బ్యాంకులో వేసుకుని, కొంత ఉంచుకుని, మిగతాదానికి గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమంటారు. బ్యాంకు ఆ డబ్బును ఒకటి రెండు రోజుల్లో మీ ఖాతాలో చూపిస్తుంది. చెక్కు నకిలీదని తేలేది ఆ తర్వాత, అప్పుడు మొత్తం మీరే కట్టాలి. ఇక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ దీని గురించి ఎన్నాళ్లుగానో హెచ్చరిస్తోంది. నిజమైన ఏజెన్సీ ముందుగా చెక్కు పంపదు.

కేపీహెచ్‌బీ_వాసి:
ఇక్కడ అదే మోసం టెలిగ్రామ్‌లో నడుస్తోంది వదినా. మొదట రెండు మూడు వందలు వేస్తారు, తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అంటూ ముందు మనల్నే డబ్బు కట్టమంటారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ అలా దాచుకున్నదంతా పోగొట్టుకుంది. ఎవరికైనా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నమోదుకు డబ్బు అడిగారంటే అక్కడే ఆగిపోండి.

ఫీల్డ్_సర్వే_మనిషి:
నేను ఆరోగ్య సర్వేల్లో పని చేస్తాను. మిస్టరీ షాపింగ్‌కి అన్న వరసయ్యే పని ఒకటి మాకుంది. మధ్యప్రదేశ్ పల్లెల్లో, ఢిల్లీలో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం చూడండి. స్థానికులనే ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, రోగుల్లా డాక్టర్ల దగ్గరికి పంపారు. ఒకరు గుండెనొప్పి, ఒకరు ఆస్తమా, ఒకరు ఇంట్లో ఉన్న బిడ్డకు విరేచనాలు అని చెప్పాలి. డాక్టరు ఏం అడిగాడు, ఏం రాశాడు అన్నీ గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పాలి. అక్కడ వైద్యం ఎంత నాసిగా ఉందో ఆ పని చూపించింది.

ఎందుకు చెప్తున్నానంటే, అలాంటి పనికి మనిషిని తయారుచేస్తారు. ఇక్కడ కంపెనీలు అదే నాణ్యత అడుగుతూ, ముక్కకు ఇంత అని కూలీ లెక్కన ఇస్తున్నాయి. రిపోర్టు తిరగ్గొడితే ఆ కూలీ కూడా లేదు. మేనేజర్ గారి కుర్రాడికీ, రూట్_బండి గారికీ తగవు పెడుతున్నది ఆ పద్ధతే. గొడవ పెట్టుకోవాల్సింది ఫీజు నిర్ణయించేవాళ్లతో.

స్టోర్_మేనేజర్_విశాఖ:
ఈ మాట ఒప్పుకుంటాను. కానీ పద్ధతి మారేదాకా స్కోరు పడేది మా వాళ్ల మీదే కదండీ.

లెక్కల_పుస్తకం:
ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు, చేతి పెట్టుబడి. హోటల్ విజిట్ అంటే 1,500 బిల్లు ముందు మీరే కట్టాలి. అది తిరిగొచ్చేసరికి నెల నుంచి రెండు నెలలు. బిల్లు మీద టైం కనిపించకపోయినా, చెప్పిన ఐటం ఆర్డర్ చేయకపోయినా రిపోర్టు కొట్టేస్తారు, భోజనం డబ్బు కూడా పోతుంది. చాలామంది ఆ తిరిగొచ్చే డబ్బును సంపాదనలో కలిపి ‘40 వేలు వచ్చాయి’ అంటారు. బిర్యానీ తిన్నందుకు ఓనరు అద్దె మాఫీ చేయడు కదా.

బ్యాంకు విజిట్లలో ఇంకో జాగ్రత్త. లోన్ వివరాలు అడగండి, అప్లికేషన్ మీద సంతకం మాత్రం పెట్టొద్దు. పాన్ ఇస్తే మీ అప్పుల చరిత్రలో సిబిల్ ఎంక్వయిరీ పడొచ్చు. అలాంటివి వరసగా పడితే నిజంగా లోన్ కావాల్సినప్పుడు మీకే ఇబ్బంది. కార్ల షోరూం విజిట్లకు వేరే సిమ్ పెట్టుకోండి, వారాల తరబడి ఫోన్లు ఆగవు. ఫీజులో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసుకుంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి, వదిలేయకండి.

రూట్_బండి (విజయవాడ):
మేడమ్, సూటిగా చెప్తాను. హైదరాబాద్‌లో, ఇద్దరు పిల్లలతో, సాయంత్రానికి ఇంటికి రావాలంటే 30 వేలు కష్టం. నా లెక్క కుదిరింది నేను జిల్లాలు దాటి తిరుగుతాను కాబట్టి, రాత్రి రాజమండ్రిలో ఉండిపోయినా ఇంట్లో మా ఆవిడ పిల్లను చూసుకుంటుంది కాబట్టి. మీకు ఇంకో దారి ఉంది. ఏజెన్సీల్లో రిపోర్టులు దిద్దే ఎడిటర్లు, షెడ్యూలింగ్ చూసేవాళ్లు ఉంటారు. కొన్నిచోట్ల జీతం మీద, ఇంటినుంచే. ఫ్లోర్ మీద పనిచేసినవాళ్లు, రిపోర్టు రాయడం తెలిసినవాళ్లు వాళ్లకు కావాలి. మీ రిపోర్టులకు మంచి స్కోరు వస్తుంటే మీ షెడ్యూలర్‌నే అడగండి.

కేపీహెచ్‌బీ_వాసి:
ఎడిటర్ పని సంగతి నాకు తట్టలేదు. రేపే అడుగుతాను. అది దొరికేదాకా పార్ట్‌టైం ఉద్యోగం చూసుకుంటూ, పిల్లలు స్కూల్లో ఉన్న వేళల్లో కూకట్‌పల్లి, మియాపూర్, కొండాపూర్ విజిట్లు మాత్రం తీసుకుంటాను. రూట్_బండి గారూ, మీరు నాలుగైదు ఏజెన్సీలు అన్నారు. ఒకే రోజు ఒకే బ్రాండ్‌కి రెండు ఏజెన్సీల విజిట్లు పడితే ఏం చేస్తారు?

రూట్_బండి (విజయవాడ):
ఒకటి వదిలేస్తాను. చాలా కాంట్రాక్టుల్లో ఆ షరతు రాసే ఉంటుంది, సంతకం పెట్టేముందు చదవండి. మరీ దూరం ఊరైతే రెండు ఏజెన్సీలకూ ముందే ఫోన్ చేసి చెప్పి, ఒప్పుకుంటేనే వెళ్తాను.