రాత్రి రెండింటికి అమ్మ అడిగే ప్రశ్నకు ఏం చెప్పాలి?

మా అమ్మకు 71 ఏళ్లు. పాంక్రియాస్ క్యాన్సర్, ఇక వైద్యం లేదన్నారు, ఇంట్లోనే చూసుకుంటున్నాం. నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మాత్ర వేస్తున్నాం, నొప్పి చాలావరకు అదుపులోనే ఉంది. పది రోజులుగా రాత్రి రెండు, మూడు మధ్య లేచి, "దేవుడు నన్ను వదిలేశాడా?" అని అడుగుతోంది. మందుల వల్ల వచ్చే అయోమయమేమోనని డాక్టర్‌కు చూపించాం, స్పృహ బాగానే ఉందన్నారు.

బైబిల్‌లోని 23వ కీర్తన, "యెహోవా నా కాపరి" చదివాను, ముఖం తిప్పుకుంది. ఫోన్‌లో ఆడియో బైబిల్ పెడితే ఆపేయమంది. పాస్టర్‌గారు రెండుసార్లు వచ్చి, విశ్వాసముంటే స్వస్థత వస్తుందని ప్రార్థించారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు గానీ, అప్పటినుంచి తన విశ్వాసమే చాలలేదని అమ్మ కుమిలిపోతోంది. నాకు అదే ఎక్కువ బాధ.

మొన్న 22వ కీర్తన మొదలుపెట్టాను. "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అనగానే నా వేలు గట్టిగా పట్టుకుని, "యేసయ్య కూడా సిలువ మీద ఇదే అన్నాడు కదరా" అంది. కాసేపు నిద్రపోయింది. మర్నాడు రాత్రి మళ్లీ అదే ప్రశ్న.

ఇలాంటి విశ్వాసుల పక్కన చివరి రోజుల్లో కూర్చున్నవాళ్లు చెప్పండి: ఆ ప్రశ్న అడిగిన క్షణంలో మీరు ఏం చెప్పారు, లేదా ఏ వాక్యం చదివారు?