బోదకాలు పుస్తకంలో ‘ఎక్సోసోమ్’ను ఏమని రాయాలి?

నల్లగొండ సభ్యురాలి ప్రశ్న: బోదకాలు ఉన్నవారి కోసం రాస్తున్న చిన్న పుస్తకంలో, ఆ జబ్బు తెచ్చే పురుగులు వదిలే అతి చిన్న బుడగలైన ఎక్సోసోమ్‌లను ‘బహిఃకాయాలు’ అనవచ్చునా? ‘తిత్తి’ అంటే బాగుంటుందని ఒక మిత్రురాలు సూచించారు.

పాలమూరు సభ్యుడి సమాధానం: అమ్మా, ‘బహిఃకాయం’ వద్దని నా మనవి. ఆ మాట వింటే ఒంటికి వెలుపల పెరిగిన కండ ఏదో స్ఫురిస్తుంది. ఎక్సోసోమ్ పుట్టేది కణం లోపలే. కణంలోని ఒక సంచి గోడ లోపలికి ముడుచుకొని చిన్న బుడగలుగా తెగుతుంది, ఆ సంచి కణపు పొరతో కలిసిపోయినప్పుడు అవి బయటపడతాయి. వాటి అడ్డుకొలత సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. ‘తిత్తి’ కొలిమి నుంచి ఊపిరి దాకా మనకు అలవాటైన చక్కని మాటే, కానీ పురుగుల ప్రస్తావనలో చిక్కు తెస్తుంది: బద్దెపురుగు పిల్లదశ కండరాలలోనో మెదడులోనో కట్టుకునే నీటిగూడును కూడా తిత్తి అనే అంటారు, అది కంటికి కనిపించేంత పెద్దది.

నేను ‘కణపొట్లం’ వైపు మొగ్గుతాను. ఇక్కడ ముఖ్యమైనది పొర కాదు, అందులో కట్టి ఉన్న సరుకు: ప్రోటీన్లు, జన్యువుల పనిని అదుపు చేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. మన గొర్రెలను, పశువులను పీడించే కార్జపు జలగల జాతికి చెందిన ఫాసియోలా హెపాటికా ఇలాంటి పొట్లాలను వదులుతుందని 2012లో స్పెయిన్ పరిశోధకులు చూపారు. ఎలుకల పేగులలో ఉండే ఒక పురుగు పొట్లాలు ఎలుక కణాలలోకి చేరి, రోగనిరోధక స్పందనను అణచగలవని 2014లో తేలింది. బోదకాలు తెచ్చే పురుగులలో ఒకటైన బ్రూజియా మలయి లార్వాలలో (పిల్లదశలో) 2015లో ఇటువంటివే కనిపించాయి. అయితే మన దగ్గర బోదకాలుకు ప్రధాన కారణం వుకరేరియా బాంక్రాఫ్టీ అనే మరో పురుగు కనుక, “దాని దగ్గరి జాతిలో కనిపించింది” అనే రాయండి. కాలు వాపుకు ఈ పొట్లాలే కారణమని మాత్రం దయచేసి రాయకండి. పెద్ద పురుగులు శోషరస నాళాలలో ఏళ్ల తరబడి బతికి వాటిని దెబ్బతీయడమే అసలు మూలం. అవి అంతకాలం నిలదొక్కుకోవడానికి తోడ్పడే మార్గాలలో పొట్లాలు ఒకటని భావిస్తున్నారు.

బ్రూజియా పరిశోధకులు సైతం “ఎక్సోసోమ్ వంటివి” అనే జాగ్రత్తగా అన్నారు. కణపు పైపొర నుంచి నేరుగా ఊడిపడే బుడగలు కూడా ఉంటాయి, రెండింటినీ వేరుచేయడం కష్టం. అందుకని అన్నిటికీ కలిపి ‘కణపొట్లం’ అనండి, లోపలి సంచిలో పుట్టినవని రుజువైన చోట ‘ఎక్సోసోమ్’ను అలాగే ఉంచండి.

నల్లగొండ సభ్యురాలు: చాలా సంతోషమండి. “పురుగు పొట్లాలను పంపుతుంది” అనాలా, “వదులుతుంది” అనాలా?

పాలమూరు సభ్యుడు: ‘వదులుతుంది’ అనండమ్మా. ‘పంపుతుంది’ అంటే పురుగుకు ఒక ఉద్దేశాన్ని అంటగట్టినట్టవుతుంది.