కొర్రమేను గాలానికి అరణియార్ మేలా, కల్యాణీ డ్యామా?

ప్రశ్న: తిరుపతి నుంచి ఒక్క పూటలో వెళ్లి రావడానికి ఈ రెంటిలో ఏది మేలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు: పిచ్చాటూరు దగ్గరి అరణియార్ జలాశయమే మేలండి. కొర్రమేను గాలి పీల్చడానికి నీటిపైకి వచ్చే చేప కాబట్టి, నడిమి లోతుల్లో వెతకకుండా, తూటికాడ అల్లుకున్న అంచుల్లో బుడగ లేచిన చోటికి కాస్త అవతలగా గాలానికి ఎరగా కట్టిన రబ్బరు కప్పను విసిరి, ఆకుల మీదుగా మెల్లగా లాక్కురావాలి. కప్ప మునగగానే కర్ర ఎత్తకుండా, దారం బిగిసేదాకా ఆగాలి.

జవాబు: కల్యాణీ డ్యామ్ తాగునీటి జలాశయం, పైగా అడవిని ఆనుకుని ఉంది, అనుమతి లేకుండా వెళ్లకండి. ఊరి చెరువులైతే చేపల వేలం పాట ఎవరు దక్కించుకున్నారో ముందే కనుక్కోవాలి.

జవాబు: ఎర్రటి కొర్రమేను పిల్లల గుంపు కనిపించిన చోట మాత్రం దయచేసి గాలం వేయకండి. కాపలా ఉన్న పెద్ద చేపలు సులువుగానే చిక్కుతాయి గానీ, ఆ తర్వాత పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి.