ఓర్కాలు చుక్కాని విరిస్తే అది దాడా, చెలగాటమా?

ప్రశ్న (వార్తల బల్ల): స్పెయిన్, మొరాకోల మధ్య ఉన్న జిబ్రాల్టర్ జలసంధి దగ్గర ఓర్కాలు తెరచాప పడవల చుక్కానులు విరగ్గొడుతున్న సంగతి తెలుగులో రాయాలంటే ఏ మాట వాడాలి? అక్కడి పరిశోధకులు 'ఇంటరాక్షన్' అంటున్నారు. 'పరస్పర చర్య' అంటే రసాయనశాస్త్రం పాఠంలా ఉంది. 'దాడి' సులువుగా నోటికొస్తుంది. 'పగబట్టిన తిమింగలాలు' అన్న శీర్షికలూ చూస్తున్నాం. ఏది సరైనదంటారు?

నుడికడలి: ముందు 'తిమింగలం' మాట తేల్చుకుందాం. ఓర్కా డాల్ఫిన్ కుటుంబంలోది, అందులో అన్నిటికన్నా పెద్దది. సంస్కృతంలో తిమి అంటే మహామత్స్యం, దాన్ని మింగేది తిమింగిలం, ఆ తిమింగిలాన్నీ మింగేది తిమింగిలగిలం. పెద్ద తిమింగలాలను గుంపుగా వేటాడే ఓర్కాలకు ఈ చివరి పేరు చక్కగా సరిపోతుంది. కానీ జిబ్రాల్టర్ ఓర్కాల ప్రధాన ఆహారం బ్లూఫిన్ ట్యూనా చేప. కాబట్టి ఈ వార్తలో 'హంతక తిమింగలం' (ఓర్కాకు ఇంగ్లీషులో ఉన్న 'కిల్లర్ వేల్' పేరుకు అనువాదం) రెండు విధాలా తప్పు. 'ఓర్కా' అనే రాయండి.

ఇక 'పగ'. మనకు పాముపగ అన్న మాట ఉంది కనుక జంతువు మనిషి వస్తువును పాడుచేస్తే చాలు, పగే గుర్తొస్తుంది. ఆడ ఓర్కా ఒకదానికి పడవ వల్ల చేదు అనుభవం ఎదురై ఉంటుందన్న ఊహ ఒకటి వచ్చిన మాట నిజం. ఆ ఊహకు పత్రికలు ప్రతీకారమని పేరుపెట్టాయి. ఈ పని ఎక్కువగా చేస్తున్నవి పిల్ల ఓర్కాలు, కుర్ర ఓర్కాలు. చుక్కాని విరిగాక చాలాసార్లు ఆసక్తి పోయి వెళ్లిపోతాయి. 2020లో మొదలైన ఈ ఘటనల్లో ఓర్కా మనిషిని చంపింది లేదు. పగ తీర్చుకునే తీరు ఇది కాదు.

పడవపని: నుడికడలి గారూ, చుక్కానే ఎందుకన్నది తెలిస్తే మాట ఎంపిక సులువవుతుంది. ఎక్కువగా చిక్కుతున్నవి 15 మీటర్ల లోపు పడవలు. వీటిలో చాలావాటికి 'స్పేడ్' రకం చుక్కాని ఉంటుంది. ముందువైపు ఏ ఆసరా లేకుండా, ఒక్క నిలువు ఇరుసు మీద నీళ్లలోకి వేలాడే పలక అది. లోపల నురుగు, పైన గ్లాస్‌ఫైబర్ పొర. ఓర్కా తలతో పక్కనుంచి నెడితే పలక తిరుగుతుంది, దానితోపాటు పడవే దిశ మార్చుకుంటుంది. నెడితే కదిలే వస్తువు, కదిలితే ఇంత పెద్ద ఫలితం! ఆడుకునే జంతువుకు ఇంతకన్నా ఏం కావాలి? పైన స్టీరింగ్ చక్రం గిర్రున తిరిగి చేతులు విరిగే ప్రమాదం ఉంది కనుక ఆ సమయంలో చక్రం పట్టుకోకూడదు.

పలక ఊడిపోవడం ఒక్కటే అయితే పడవ మునగదు, దారి తప్పుతుంది. అసలు ప్రమాదం ఇరుసు దగ్గర. పలక అడుగున నెట్టిన బలం మీటలా పనిచేసి ఇరుసును వంచుతుంది. ఆ ఇరుసు దూరే గొట్టం పడవ అడుగుకు అతికి ఉంటుంది. అక్కడ పగులు వస్తే వెనకభాగంలోకి నీరు వస్తుంది, పంపులు తోడలేవు. 2023 మేలో స్పెయిన్ తీరంలోని బర్బాతే దగ్గర, అదే ఏడాది అక్టోబరు 31న మొరాకో తీరంలో, 2024 మేలో జలసంధిలో పడవలు మునిగాయి.

వార్తల బల్ల: అయితే పడవలవాళ్లు ఏం చేయాలి? చివరి పేరాలో అది కావాలండి.

పడవపని: మొదట్లో తెరచాప దించి, ఇంజను ఆపి, కదలకుండా ఉండమనేవారు. 2024లో స్పెయిన్ ప్రభుత్వ సూచన మారింది. ఆగవద్దు, ఇంజను మీద తీరంవైపు తక్కువ లోతుకు వెళ్లండి, పడవ అంచుల దగ్గర నిలబడవద్దు, పడవ రేడియోలో ఆపద పిలుపులకు వాడే వీహెచ్‌ఎఫ్ 16వ చానెల్‌లో సాయం కోరండి. పాత సలహాను రాయకండి. జంతువులను గాయపరచకూడదన్న ముక్క మాత్రం తప్పక చేర్చండి. 2011 లెక్కలో ఈ ఓర్కాలు 39 మాత్రమే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో ఇవి తీవ్ర ప్రమాదంలో ఉన్న ఉపజనాభా.

నుడికడలి: ఇప్పుడు నా మాట: చెలగాటం. 'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అన్న సామెతలోది. 'ఆట' అంటే పడవలోని మనిషి భయం కనపడదు, 'దాడి' అంటే ఓర్కా మీద లేని ఉద్దేశం వేస్తాం. చెలగాటంలో ఆడేవాడి ఉత్సాహమూ, అవతలివాడి ముప్పూ రెండూ ఉన్నాయి. 1987లో అమెరికాలోని ప్యూజెట్ సౌండ్‌లో ఓర్కాలు చచ్చిన సాల్మన్ చేపలను తలమీద మోస్తూ తిరిగాయి, కొన్నాళ్లకు మానేశాయి. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చే ఇలాంటి మోజే ఇక్కడా కారణమన్నది ఇప్పుడు గట్టిగా నిలుస్తున్న వివరణ.

అరబీమాట: చిన్న అభ్యంతరం. పిల్లి చివరికి ఎలుకను తింటుంది, ఓర్కా ఏమీ తినదు. అదీగాక 'ప్రాణాలతో చెలగాటం' అని మన పత్రికలు నిర్లక్ష్యానికి వాడి వాడి ఆ మాటకు నిందను అంటించాయి. శీర్షికలో చెలగాటం ఉంచినా, మొదటి వాక్యంలో జరిగిన పని మాత్రమే చెప్పండి: 'ఓర్కాలు పడవ చుక్కానిని విరగ్గొట్టాయి'. కారణం తర్వాతి పేరాలో.

ఇంకొకటి, 'చుక్కాని'లో దారిచూపే 'చుక్క' ఉందని కొందరు అనుకుంటారు. లేదు. అరబీలో 'సుక్కాన్' అంటే చుక్కానే. తమిళంలో 'చుక్కాన్', మరాఠీలో 'సుకాణూ' దాని చుట్టాలే. మాట ఓడలతో వచ్చింది. జలసంధికి దక్షిణాన మొరాకో ఒడ్డున అరబీయే మాట్లాడతారు.

వార్తల బల్ల: శీర్షిక 'చుక్కానితో ఓర్కాల చెలగాటం' అని పెడుతున్నా. 'దాడి', 'పగ', 'హంతక' మూడూ తీసేశాను.