ఇంటి లోన్ నెత్తిన ఉండగా వంటమనిషి అవసరమా?

మియాపూర్_అమ్మ:
సూటిగా అడిగేస్తాను, మీరూ మొహమాటం లేకుండా చెప్పండి. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. నా జీతం చేతికి 45 వేలు, మావారిది ఇంకాస్త ఎక్కువ. ఇంటి లోన్ 40 లక్షలు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ళు, నెలకి 34,700 పైన పోతోంది. ఈ మధ్యే తీసుకున్నాం కాబట్టి అసలు ఇంకా కదల్లేదు. పాప ఒకటో తరగతి, బాబుకి రెండున్నరేళ్ళు.

ఈ వేసవి నుంచి వంటావిడని పెట్టుకున్నాను. పొద్దున ఆరింటికి వచ్చి ఎనిమిదింటికల్లా టిఫిన్, పప్పు, ఓ కూర చేసి బాక్సులు సర్దేసి వెళ్తుంది. నెలకి 4,000. దాంతో నేను ఓ గంట ఎక్కువ పడుకుంటున్నాను, ఓ అరగంట కాలనీ పార్కులో నడుస్తున్నాను, అంతే, స్పాలూ పార్లర్లూ కాదు. ఇప్పుడు మావారు ఆ 4,000 లోన్‌కి కడదాం, ఒక్క రెండేళ్ళు ఓర్చుకో అంటున్నారు. అత్తగారు పైకి ఏమీ అనరు, కానీ ఫోన్ చేసిన ప్రతిసారీ "ఇవాళ ఏం వండిందిట మీ వంటావిడ?" అని మాత్రం అడుగుతారు. ఇది నిజంగా దుబారానా?

లెక్కల_మనిషి:
తిట్టుకోకండి, మీవారు గాల్లో మాట్లాడటం లేదు. మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేశాను. ప్రతి నెలా 4,000 అదనంగా కడుతూ పోతే 240 నెలల లోన్ దాదాపు 187 నెలల్లో తీరిపోతుంది, వడ్డీ 11 లక్షల దాకా మిగులుతుంది. ఆయన అన్నట్టు రెండేళ్ళు మాత్రమే కట్టి ఆపేసినా, కట్టింది 96 వేలైతే చివర్లో 13 నెలల ఈఎంఐలు ఎగిరిపోతాయి, అంటే నికరంగా మూడున్నర లక్షల లాభం. మొదటి ఏళ్ళలో మన ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది కాబట్టి అప్పుడు కట్టిన రూపాయికే బలం ఎక్కువ. రేటు ఫ్లోటింగ్ అయితే, అంటే మధ్యలో మారే వడ్డీ రేటైతే, ముందు కట్టినందుకు బ్యాంకు పెనాల్టీ కూడా వెయ్యదు. అవసరమా కాదా అనేది మీ ఇష్టం, కానీ 4,000 అంటే 4,000 కాదు అని తెలుసుకుని ఖర్చు పెట్టండి.

ఉప్మా_వద్దు:
లెక్కల మనిషిగారూ, మీ లెక్కలో ఒక గడి ఖాళీగా ఉంది. ఆవిడ ఉద్యోగం ఆ 187 నెలలూ ఆగకుండా నడుస్తుందని మీరే అనేసుకున్నారు. చిన్నపిల్లాడు ఉన్న ఇంట్లో పొద్దున నాలుగున్నరకి లేవడం, రాత్రి పదకొండుకి పడుకోవడం ఏళ్ళ తరబడి చేసినవాళ్ళు మా టీమ్‌లోనే ఒకరి తర్వాత ఒకరు రిజైన్ చేశారు. నెలకి 45 వేలు అంటే ఏడాదికి 5 లక్షల 40 వేలు, రెండేళ్ళు ఇంట్లో కూర్చుంటే మీరు చూపించిన 11 లక్షలూ హుష్‌కాకి. ఆపైన మళ్ళీ చేరేటప్పుడు పాత జీతం ఇస్తారా అంటే అదీ లేదు.

లెక్కల_మనిషి:
వంటమనిషి లేకపోతే ఉద్యోగం మానేస్తారు అనేది లెక్క కాదండీ, బెదిరింపు. కర్రీ పాయింట్లు ఎందుకున్నాయి? రైస్ కుక్కర్ పెట్టుకుని వారానికి రెండు మూడు రోజులు కూర, పప్పు ప్యాకెట్లు తెచ్చుకుంటే సగం ఖర్చుతో పోతుంది.

ఉప్మా_వద్దు:
పొద్దున ఏడింటికి పిల్ల బాక్సులో పెట్టడానికి ఏ కర్రీ పాయింట్ తెరిచి ఉంటుందో అడ్రస్ పెట్టండి, నేనే వస్తా.

సగం_వంటవాడు:
ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ 4,000 మిగలాలని కోరుకుంటున్నది మీవారు. మరి ఆ రెండు గంటలు ఎవరు చెయ్యాలి? ఇంతసేపూ అందరూ అయితే వంటావిడ, కాకపోతే మీరు అనే మాట్లాడుతున్నారు. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ 88 కూడా ఏదో ఒక పని చేసే మగవాళ్ళ సగటే, గరిట ముట్టనివాళ్ళని అందులో కలపలేదు.

నేనూ మగవాణ్ణే, వంటలో పెద్ద మొనగాణ్ణేమీ కాదు. మా ఇంట్లో సోమ, బుధ, శుక్ర నా వంతు. రాత్రే బీన్స్, దొండకాయలు తరిగి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను, కందిపప్పు కడిగి కుక్కర్‌లో రెడీగా ఉంచుతాను, పొద్దున విజిల్స్ వచ్చేలోపు పోపు పెట్టుకోవడమే. మొదట్లో కూర ఉప్పుకషాయంలా ఉండేది, తినేశాం. పొదుపు చెయ్యాలన్న ఆలోచన ఎవరికి వస్తే పని కూడా వాళ్ళే పంచుకోవాలి. వేరేవాళ్ళ నిద్ర అమ్మి లోన్ కట్టడం పొదుపు కాదండీ.

గుంటూరు_టీచరు:
నేను రిటైరైన జడ్పీ స్కూల్ టీచర్ని. మా తరంలో ఉద్యోగం చేసిన ఆడవాళ్ళెవరం వంటమనిషిని పెట్టుకోలేదు, నిజమే. కానీ ఎందుకు పెట్టుకోలేదో కూడా చెప్పాలి కదా. నేను ఏడున్నర బస్సు ఎక్కేసరికి క్యారియర్ మా అత్తగారు కట్టి పెట్టేవారు. సాయంత్రం వచ్చేసరికి పిల్లలకి జడలు వేసి, పాలు పట్టించి ఉండేవారు. ఆవిడకి నెలకి ఇంత అని ఎవరూ ఇవ్వలేదు, అలిసిపోయారా అని అడిగినవాళ్ళూ లేరు, నాతో సహా. మీ అత్తగారు ఫోన్‌లో అలా అడిగితే కోపం తెచ్చుకోకమ్మా, ఆవిడ చేసిన చాకిరీ ఇప్పుడు 4,000 అని ధర పలుకుతుంటే ఆవిడకి ఎలా ఉంటుందో ఆలోచించు. వంటావిడని మాత్రం మానిపించకు.

నైట్_డ్యూటీ_నర్స్:
ఒక్కమాట చెప్పి పోతా. లోన్ గోల తర్వాత, ముందు ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం పైగా, ఆంధ్రలో 58 శాతం పైగా రక్తహీనత ఉన్నట్టు వచ్చింది. పిల్లలకి పెట్టగా మిగిలింది తినడం, అలసటని బద్ధకం అనుకోవడం మనకి అలవాటు. ఐరన్ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. ఎవరి ఈఎంఐకీ నష్టం లేదు.

చింతల్_అమ్మాయి:
ఇంత చర్చలో ఆ వంటావిడ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను. మా అమ్మ పదేళ్ళకి పైగా ఇళ్ళల్లో వంట చేసింది, ఆ డబ్బుతోనే నేను డిగ్రీ అయ్యాను. ఆరింటికి మీ ఇంట్లో ఉండాలంటే ఆవిడ ఎన్నింటికి లేవాలి? ఆవిడ పిల్లల బాక్సులు ఎవరు కడుతున్నారు? ఆవిడా వర్కింగ్ మదరే. ఆవిడ ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు నడవాలో ఎవరూ పోస్టు పెట్టరు. బస్సు టికెట్టు మాత్రం ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యమా అని 2023 డిసెంబరు నుంచి తప్పింది, సిటీ బస్సు దొరికితే.

మీరు పెట్టుకోండి, మానిపించండి, మీ ఇష్టం. మానిపించేట్టయితే ఒక నెల ముందు చెప్పండి. మా అమ్మకి ఒకరింట్లో "రేపట్నుంచి రావద్దులే" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు, ఆ నెల మా ఇంటి అద్దెకి చిట్టీ పాడాల్సి వచ్చింది. మీకు 4,000 లోన్‌లో ఓ చుక్క, ఆవిడకి అది కిరాణా మొత్తం.

లెక్కల_మనిషి:
ఇది నా లెక్కలో లేదు, ఒప్పుకుంటాను. కానీ అందరికీ జాలిపడి బడ్జెట్ వేసుకోలేం కదా మేడమ్.

చింతల్_అమ్మాయి:
జాలి ఎవరడిగారండీ? నోటీసు అడిగాను.

మియాపూర్_అమ్మ:
అందరివీ చదివాను, కొన్ని మావారికి చదివి వినిపించాను కూడా. సగం వంటవాడుగారి పోస్టు దగ్గర "ఆయనకేం, పొద్దున షిఫ్టు లేదేమో" అన్నారు. మావారి షిఫ్టు అయ్యేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, నిజంగానే ఆరింటికి లేవలేరు. కానీ శని, ఆదివారాలు లేవగలరు కదా అంటే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, ఆదివారం నుంచి చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే ఏమిటో చూడాలి.

వంటావిడని మానిపించడం లేదు, ఇది నేను తేల్చేశాను, నా జీతంలోంచే ఇస్తున్నాను. లోన్‌కి నెలనెలా కాకుండా, బోనస్ వచ్చినప్పుడు ఒకేసారి అసలుకి కడదామని ఆయన్ని ఒప్పించాను. రక్తపరీక్షకి శనివారం వెళ్తున్నా. చింతల్ అమ్మాయిగారూ, ఒక్క సందేహం: ఆదివారం ఎలాగూ మేమే వండుకుంటే ఆవిడకి ఆ రోజు సెలవు ఇవ్వాలనుకుంటున్నాను, జీతం కొయ్యకుండానే. తనే వద్దంటోంది, సెలవిస్తే మెల్లగా మానిపిస్తారేమో అని భయం లాగుంది. ఎలా చెప్పాలి?

చింతల్_అమ్మాయి:
ముందు ఒక నెల జీతం పూర్తిగా చేతిలో పెట్టి చూపించండి, ఆ తర్వాత నమ్ముతుంది. నోటితో ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు.